హెలికాప్టర్‌ని ఎక్కడ విరవాలి? "హెలి" అంటే సూర్యుడేనా?

చిన్నక్కనాన్న:
అందరికీ నమస్కారం. మా పెద్దమ్మాయి ఏడో తరగతి. నిన్న రాత్రి అన్నం తింటూ "నాన్నా, హెలికాప్టర్, హెలిప్యాడ్, హీలియం... అన్నిట్లోనూ హెలి ఉంది కదా, అంటే ఏంటి?" అని అడిగింది. హీలియంకి సూర్యుడి పేరు పెట్టారని ఎప్పుడో చదివాను. ఆ ధైర్యంతో "హెలి అంటే సూర్యుడమ్మా, ఆకాశంలో తిరుగుతుంది కాబట్టి అలా పెట్టుంటారు" అని చెప్పేశాను. చెప్పాక నిద్ర పట్టలేదు. సూర్యుడికీ దానికీ ఏం సంబంధం? మరి "కాప్టర్" ఏమిటి? తప్పు చెప్పి ఉంటే పిల్ల దగ్గర దిద్దుకోవాలి. తెలిసినవాళ్లు చెప్పండి.

గుంటూరోడు:
హీలియం మాట ఎత్తారు కాబట్టి నేను ఆగలేను. హీలియం వరకూ మీరు చెప్పింది నిజమే. గ్రీకులో హీలియోస్ అంటే సూర్యుడు. ఆ కథలో మా ఊరుంది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం. దాన్ని చూడటానికి ఫ్రాన్స్ నుంచి జాన్సెన్ అనే శాస్త్రవేత్త గుంటూరు వచ్చి మకాం వేశాడు. అదే రోజు మద్రాసు అబ్జర్వేటరీ అధిపతి పాగ్సన్ బందరులో ఉన్నాడు. సూర్యుడి అంచున లేచే ఎర్రటి జ్వాలల వెలుగుని పట్టకంతో విడదీసి చూస్తే అందులో గీతలు కనిపించాయి. ఒక్కో మూలకానికి తనదైన గీతలుంటాయి. ఒక పసుపు గీత సోడియం గీతతో సరిగ్గా కలవలేదు. అదే ఏడాది అక్టోబరులో ఇంగ్లండులో లాకియర్ గ్రహణం లేకుండానే ఆ గీతని పట్టుకున్నాడు. భూమ్మీద తెలియని మూలకం అయి ఉంటుందని హీలియం అని పేరు పెట్టారు. దాన్ని భూమ్మీద రామ్సే దొరకబుచ్చుకున్నది 1895లో.

"హీలియం గుంటూరులో కనిపెట్టారు" అని మాకు బడిలో ఒక్క ముక్కలో చెప్పేవారు. అంత సూటిగా జరగలేదు. జాన్సెన్ ఇక్కడ గ్రహించిన పెద్ద సంగతి, గ్రహణం లేని రోజు కూడా ఆ జ్వాలల గీతల్ని చూడొచ్చని. మర్నాడే మళ్లీ చూశాడు కూడా. మా ఊరికి ఆ ఘనత చాలు.

అయితే హెలికాప్టర్‌లో సూర్యుడు లేడండీ. అది వేరే మాట. ఏదో ఇక్కడి పెద్దలే చెప్పాలి.

పాతరోటరు:
నేను చెబుతాను. ఇరవై రెండేళ్లు చేతక్ హెలికాప్టర్ల మెయింటెనెన్స్‌లో చేశాను. చేతక్ అంటే ఫ్రెంచివాళ్ల అలువెట్ త్రీ. 1960లలో మన హాల్ (హిందుస్థాన్ ఏరోనాటిక్స్) వాళ్లు బెంగళూరులో తయారు చేయడం మొదలుపెట్టి రాణా ప్రతాప్ గుర్రం పేరు పెట్టారు.

హెలికాప్టర్ అనేది ఫ్రాన్స్‌లో పుట్టిన మాట. పాంతాన్ దామెకూర్ అని ఒక జమీందారీ కుటుంబం ఆయన. పాత నాణేలు పోగు చేసి పరిశోధించేవాడు. 1861లో తన యంత్రానికి పేటెంటు తీసుకుంటూ ఈ పేరు కట్టాడు. రెండు గ్రీకు ముక్కలు: హెలిక్స్, అంటే మరమేకు మీది గాడిలా చుట్టు తిరుగుతూ పైకెక్కే ఆకారం. టెరాన్ (గ్రీకువాళ్ల నోట్లో "ప్టెరాన్"), అంటే రెక్క, ఈక. హెలిక్స్‌కి సమాసంలో "హెలికో" అని రూపం. కాబట్టి విరవాల్సింది హెలికో దగ్గర. మిగిలింది "ప్టర్".

అప్పటికి ఓడల అడుగున తిరిగే మరపంకా వచ్చి పాతికేళ్లయింది. దాన్ని ఫ్రెంచిలో "ఎలీస్" అంటారు, ఇప్పటికీ ప్రొపెల్లర్‌కి అక్కడ అదే మాట. నీళ్లలో ఓడని తోసే మర గాలిలో మనిషిని ఎందుకు లేపదు అన్నది ఆయన ఆలోచన. అందుకే "మర రెక్కలది" అని పేరు. 1863లో అల్యూమినియం వాడి చిన్న ఆవిరి యంత్రం బొమ్మ చేయించాడు. అది లేవలేదు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, పేరు 1861లో వచ్చింది, నమ్మకంగా ఎగిరే హెలికాప్టర్లు వచ్చింది 1930ల చివర్లో. జర్మనీలో ఫోకే యంత్రం 1936లో ఎగిరింది, అమెరికాలో సికోర్‌స్కీది 1939లో తాళ్లతో కట్టి ఉండగానే నేల వదిలింది.

హ్యాంగర్‌లో మాకు ఈ పేరు సంగతి ఎవరూ చెప్పలేదు. కానీ ఆ పేరులో ఉన్నది రోజూ కళ్ల ముందు జరిగేది. చేతక్‌కి పైన మూడు బ్లేడ్లు. యంత్రం నిలువుగా లేస్తున్నప్పుడు ఒక బ్లేడు కొస మీద దృష్టి పెట్టండి. గుండ్రంగా తిరుగుతూ ఉంది, అదే సమయంలో పైకీ పోతూ ఉంది. ఆ కొస గాలిలో గీసే గీత అచ్చంగా మరచుట్టే. పైలట్ ఎడమచేతి కిందున్న కలెక్టివ్ లివర్ పైకి లాగితే మూడు బ్లేడ్లూ ఒకేసారి కోణం మార్చుకుని గాలిని ఎక్కువ కొరుకుతాయి. స్క్రూడ్రైవర్ తిప్పిన ప్రతిసారీ మరమేకు చెక్కలోకి ఎలా దిగుతుందో, ఇది గాలిలోకి అలా ఎక్కుతుంది.

కంటిపాప:
పాతరోటరు గారూ, ఆ టెరాన్ నాకు రోజూ కనిపిస్తుంది. నేను కంటి ఆసుపత్రిలో ఆప్టోమెట్రిస్టుని. పొలాల్లో ఎండలో, దుమ్ములో పని చేసేవాళ్లకి ముక్కు వైపు తెల్లగుడ్డు మీంచి నల్లగుడ్డు మీదకి సన్నటి పొరలా కండ పాకుతుంది. "కంట్లో కండ పెరిగిందమ్మా" అంటూ వస్తారు. దాని పేరు టెరీజియం. చిన్న రెక్క అని అర్థం. రెక్కలాగే ముక్కోణంగా ఉంటుంది. చదువుకునేటప్పుడు ముందున్న "పి" ఎందుకు పలకరో చెప్పకుండానే బట్టీ పట్టించారు. హెలికాప్టర్‌లోదీ అదే రెక్క అని ఈ రోజే తెలిసింది.

మా ల్యాబులో ఇంకోటి ఉంది. కడుపులో పుండ్లు చేసే హెలికోబాక్టర్. మెలి తిరిగిన ఆకారం కాబట్టి ఆ పేరు. మీరు చెప్పిన "హెలికో" అందులో విరగకుండా అలాగే ఉంది.

అడవిదారి:
టెరాన్ కోసం మన తిరుపతి కొండలెక్కితే చాలు. ఎర్రచందనం శాస్త్రీయ నామం టెరోకార్పస్ శాంటలైనస్. టెరో అంటే రెక్క, కార్పస్ అంటే కాయ. రెక్కకాయ. ఎండిన కాయని చేతిలో పెట్టుకుంటే చిన్న అప్పడంలా ఉంటుంది. నడుమ గింజ ఉబ్బి ఉంటుంది, చుట్టూ పల్చటి రెక్క. పెద్ద గాలి వచ్చినప్పుడు చెట్టు నుంచి ఊడి గిరగిరా తిరుగుతూ పోతుంది. వేగిస చెట్టుదీ ఇదే జాతి, ఇవే కాయలు. చక్కెర జబ్బు ఉన్నవాళ్లు వేగిస చెక్క గ్లాసులో రాత్రి నీళ్లు పోసి పొద్దున తాగుతారే, ఆ చెట్టే. దుంగలు, స్మగ్లర్లు అంటూ ఎర్రచందనం పేరు పేపర్లో ఎన్ని వేలసార్లు చదివుంటాం! దాని కాయని మాత్రం చూసినవాళ్లు తక్కువ. అది నాకు బాధ.

శ్రీకాకుళం వైపు అడవుల్లో గుగ్గిలం చెట్టు ఉంది. దాని కుటుంబం పేరు డిప్టెరోకార్పేసీ. అందులోనూ "ప్టెర్" ఉంది. మే, జూన్ నెలల్లో ఆ కాయలు రాలుతుంటే చూడాలి. నిజంగానే చిన్న హెలికాప్టర్లు. బ్లేడ్లు తిరుగుతూ నిదానంగా దిగుతాయి.

ఇక హెలిక్స్ సంగతి. నులితడ అని పొద ఉంది, మన అడవుల్లో అంతటా దొరుకుతుంది. కాయ తాడు పేనినట్టు మెలి తిరిగి ఉంటుంది. పసిపిల్లల నులినొప్పికి అరగదీసి పట్టేవారు. దాని శాస్త్రీయ నామం హెలిక్టెరెస్. మనవాళ్లు "నులి" అన్నారు, అటువాళ్లు "హెలిక్" అన్నారు. ఇద్దరూ ఆ కాయ మెలికనే చూసి పేరు పెట్టారు.

చిన్నక్కనాన్న:
ఒక్క రాత్రిలో ఇంత వస్తుందనుకోలేదు. అందరికీ కృతజ్ఞతలు. పొద్దున్నే మా అమ్మాయికి "నిన్న తప్పు చెప్పానమ్మా" అని చెప్పాను. వెంటనే ఇంకో ప్రశ్న వేసింది. "హెలికో దగ్గర విరిస్తే మరి హెలిప్యాడ్, హెలిపోర్టు ఎలా వచ్చాయి? డ్రోన్లని క్వాడ్‌కాప్టర్ అంటారు కదా, కాప్టర్ ఎక్కడ్నుంచి వచ్చింది?" దీనికేం చెప్పాలి?

డాలస్_నుంచి:
ఇంగ్లిష్ నోట్లో "ప్ట"తో మాట మొదలవదండీ. గ్రీకువాళ్లకి అది మామూలు. వీళ్లు టెరోడాక్టిల్‌లో లాగా మొదటి అక్షరాన్ని మింగేస్తారు. మాట మధ్యలో వస్తే "ప్"ని ముందు ముక్కకీ "ట"ని వెనక ముక్కకీ ఇచ్చేస్తారు. హె-లి-కాప్-టర్. అలా పలికీ పలికీ, హెలి ఒక మాట, కాప్టర్ ఒక మాట అనే భ్రమ కలిగింది. తర్వాత హెలి తీసుకుని హెలిపోర్టు, హెలిప్యాడ్ కట్టుకున్నారు. కాప్టర్ తీసుకుని జైరోకాప్టర్, క్వాడ్‌కాప్టర్ కట్టుకున్నారు. ఇక్కడ బర్గర్ కథ కూడా ఇదే. అది హాంబర్గ్ ఊరి పేరు మీద వచ్చిన హాంబర్గర్. హామ్ అంటే పంది మాంసం అనుకుని, మిగిలిన బర్గర్‌ని విడదీసి చీజ్ బర్గర్, వెజ్ బర్గర్ చేశారు.

ఇక్కడ వార్తల్లో ఎక్కువగా చాపర్ అంటారు. మన తెలుగు పేపర్లలోనూ "సీఎం చాపర్" అని రాస్తున్నారు. అది అమెరికా యాస. 1950ల మొదట్లో కొరియా యుద్ధం రోజుల నుంచి వాడుకలో ఉంది.

అమరం_చదివా:
ముప్పై ఏళ్లు సంస్కృతం చెప్పిన వాడిని. ఈ చర్చ చదువుతుంటే ప్రాణం లేచొచ్చింది. రెండు సంగతులు చెబుతాను, కొంచెం ఓపిక పట్టండి.

మొదటిది. టెరాన్ మనకి పరాయిది కాదు. సంస్కృతంలో "పత్" ధాతువుకి ఎగరడం, పడటం రెండర్థాలూ ఉన్నాయి. పడటం మనకి "పతనం"లో మిగిలింది, ఎగరడం "పతంగం"లో. అమరకోశంలో రెక్కకి పేర్లు చెప్పేచోట "పత్రం, పతత్రం" అని ఉంటాయి. పత్రం అంటే మొదట రెక్క, ఈక. ఆకు అనే అర్థమూ ఉంది, రాసుకునే కాగితం తర్వాత వచ్చింది. ఈ పత్రం, గ్రీకు టెరాన్, ఇంగ్లిష్ ఫెదర్, లాటిన్ పెన్నా, నాలుగూ ఒకే వేరువి. పితృ ఫాదర్ అయినట్టు, పాదం ఫుట్ అయినట్టు, మన "ప" ఇంగ్లిష్‌లో "ఫ" అవుతుంది. పెన్నా అంటే ఈక, ఈకతో రాసేవారు కనుక మనం జేబుకి పెట్టుకునే పెన్ను. అంటే పెళ్లి పత్రిక, పెన్ను, హెలికాప్టర్ చుట్టాలు.

హెలిక్స్ కూడా అంతే. దాని వేరుకి "తిరుగు" అని అర్థం. సంస్కృతంలో "వలతే" అంటే చుట్టు తిరుగుతుంది. వలయం అందులోదే. ఇంగ్లిష్‌లో రివాల్వ్ ఆ వేరుదే.

రెండోది మీ అమ్మాయి ప్రశ్న. మాటని తప్పుచోట విరిచి, ఆ విరిగిన ముక్కని కొత్త మాటగా బతికించడం మన దగ్గరా ఉంది. "విధవ" మాట చూడండి. లాటిన్‌లో విదువా, ఇంగ్లిష్‌లో విడో. మూడూ ఒకటే మాట, మొదట్నుంచీ విరగని మాట. మనవాళ్లు అందులో "వి" ఉపసర్గ ఉందనుకున్నారు. "వి" అంటే లేని, కాబట్టి "ధవ" అంటే భర్త అయి ఉండాలి అని ధవుడిని పుట్టించారు. అమరకోశంలో భర్త పేర్లలో ధవ శబ్దం చేరింది. కవులు రమాధవుడు, ఉమాధవుడు అన్నారు. అసురుడూ అంతే. ఋగ్వేదంలో వరుణుడినీ అసురుడన్నారు, గౌరవంగానే. తర్వాత ముందున్న "అ"ని "కాదు" అనే అర్థంలో తీసుకుని, అసురుడు కానివాడు సురుడు అన్నారు. కాప్టర్ కూడా ధవుడి లాంటిదే.

సంప్రదాయం:
మాస్టారూ, మీ మీద గౌరవంతోనే అడుగుతున్నాను. "విగతో ధవో యస్యాః", అంటే భర్త పోయిన ఆమె, అని మా గురువుగారు వ్యుత్పత్తి చెప్పారు. అది తప్పంటే మనసు ఒప్పుకోవడం లేదు. సురులు అనే మాట పురాణాలన్నిటా ఉంది కదా.

అమరం_చదివా:
నాయనా, నేను చదువుకున్నదీ అదే వ్యుత్పత్తి. అది తప్పని అనను. ఆ మాటని భాషలోపల ఎలా అర్థం చేసుకున్నారో ఆ వ్యుత్పత్తి చెబుతుంది, అది నిజంగా అలాగే అర్థం చేసుకున్నారు. మాట ఎక్కడ పుట్టిందన్నది వేరే ప్రశ్న. దానికి సోదర భాషలు సాక్ష్యం. ధవుడు మన కావ్యాల్లో వెయ్యేళ్లకు పైగా బతికాడు. బతికినదాన్ని అబద్ధమని ఎవరంటారు? కాప్టర్‌నీ ఇక ఎవరూ వెనక్కి పంపలేరు.

వరంగల్_పిల్ల:
సార్ చెప్పిన పతంగం మా ఇంట్ల ఉంది. మా దిక్కు గాలిపటం అనరు, పతంగి అంటరు. సంక్రాంతికి పొద్దుగాల దాబా ఎక్కితే పొద్దుగూకే దాక దిగం. పతంగికి, హెలికాప్టర్‌కి ఒకటే వేరని మా తమ్మునికి చెప్తే నమ్ముతలేడు.

నేను ఎకనామిక్స్ చదువుతున్న. ఈ మాటకి వచ్చిన కొత్త అర్థాలు చెప్త. హెలికాప్టర్ మనీ అని మిల్టన్ ఫ్రీడ్‌మన్ 1969ల రాసిండు. హెలికాప్టర్ నుంచి ఊరి మీద నోట్లు చల్లితే ధరలు ఏమైతయి అని ఒక ఊహ అది. 2020 ఏప్రిల్‌ల లాక్‌డౌన్ టైంల మన అప్పటి సీఎం కేసీఆర్ గారు ఈ మాట అనంగనే ఇంటింటికి తెలిసింది. మా అమ్మమ్మ "ఏ దినం చల్లుతరు బిడ్డా?" అని నిజంగనే అడిగింది. డబ్బు పై నుంచి పడదని, సర్కారు కొత్త డబ్బు తీసి జనం చేతిల పెట్టుడు అని కూసోబెట్టి చెప్పిన. హెలికాప్టర్ పేరెంట్స్ అంటే పిల్లల నెత్తి మీదనే తిరుగుకుంట ఉండే అమ్మానాన్నలు. ధోని హెలికాప్టర్ షాట్ మీకు తెలుసు, బ్యాట్ నెత్తి మీద గిర్రున తిరుగుతది.

ఒకటి చూసిండ్రా? మనీల చల్లుడు, పేరెంట్స్‌ల నెత్తి మీద ఆగుడు, షాట్‌ల తిరుగుడు. మూడు పనులు విడివిడిగ పోయినయ్. మర, రెక్క అసలే యాదికి లేవు.

పాతరోటరు:
అమ్మా, నెత్తి మీద కదలకుండా ఆగడాన్ని మేము హోవరింగ్ అంటాం. నేర్చుకునేవాడికి అన్నిటికన్నా కష్టం అదే. ముందుకు పోవడం తేలిక. ఒక్కచోట నిలబడటానికి రెండు చేతులూ రెండు కాళ్లూ క్షణం ఊరుకోవు. ఆ పేరు పెట్టినవాడెవరో గానీ, పిల్లల మీద కాపలా కాసే తల్లిదండ్రుల శ్రమని సరిగ్గా పట్టుకున్నాడు.

అమరం మాస్టారు ఈక అన్నారు కాబట్టి ఒక సంగతి. దామెకూర్ కన్నా ముందే, 1784లో, లోన్వా, బియాంవెన్యూ అని ఇద్దరు ఫ్రెంచివాళ్లు ఒక చిన్న బొమ్మ చేసి అక్కడి సైన్సు అకాడమీలో ఎగరేసి చూపించారు. కర్రకి పైనొకటి కిందొకటి పంకాలు, ఎదురెదురు దిక్కుల్లో తిరిగేవి. ఆ పంకాల బ్లేడ్లు దేంతో చేశారనుకున్నారు? టర్కీ కోడి ఈకలతో. పేరు పుట్టక ముందే దానికి టెరాన్ ఉంది. చేతక్ బ్లేడు చేత్తో తడిమి చూసినవాడిగా చెబుతున్నాను, ముందంచు మందంగా, వెనకంచు పల్చగా, అడ్డంగా కోసి చూస్తే అది పక్షి రెక్కే.

చేతిరాత:
నేను ముప్పై ఏళ్లుగా సైన్‌బోర్డులు రాస్తాను, ఇప్పుడు డీటీపీ కూడా. భాషాశాస్త్రం తెలీదు. ఈ చర్చ చదివి ఊరికే కాగితం మీద "హెలికాప్టర్" అని పెద్దక్షరాలతో రాసుకున్నాను. రాస్తూ ఆగిపోయాను. మనం "ప"కి కింద "ట" వత్తు ఇస్తాం కదా. హె, లి, కా, ప్ట, ర్. "ప్ట" ఒకే అక్షరం, దాన్ని విరవలేం. లైను చివర చోటు చాలక మాట తుంచాల్సి వచ్చినా హెలికా వరకు పైన ఉంటుంది, ప్టర్ కిందికి వస్తుంది. అంటే గ్రీకులో ఎక్కడ అతుకు ఉందో సరిగ్గా అక్కడే మన లిపి తుంచుతుంది! ఇంగ్లిష్‌లో పోయిన అతుకు మన వత్తులో మిగిలింది. ఇన్నేళ్లలో ఎన్ని ఫ్లెక్సీల మీద "హెలికాప్టర్‌లో రాక" అని రాసుంటానో, ఒక్కసారీ కనబడలేదు.

అమరం_చదివా:
చేతిరాత గారూ, మీకు నమస్కారం. ఇది నాకూ తట్టలేదు.

డాలస్_నుంచి:
అద్భుతం! అయితే దీనికి తెలుగు పేరు కడదామా? మాస్టారు చెప్పిన చుట్టరికం ప్రకారం వలయపత్రం అనొచ్చేమో.

గుంటూరోడు:
వలయపత్రం అంటే నాకు గుండ్రంగా కత్తిరించిన పెళ్లి కార్డు గుర్తొస్తుంది. మా పల్లెలో ముసలివాళ్లు ఎలికాప్టరు అంటారు. ఎన్నికలప్పుడు పొలంలో దిగితే "ఎలికాప్టరు దిగిందంట" అని ఊరంతా పరిగెత్తేది, నేనూ పరిగెత్తాను. నాకు ఆ మాటే తెలుగు మాట. కొత్తది అక్కర్లేదు.

కంటిపాప:
నా ఓటు కూడా ఎలికాప్టరుకే. గ్రీకులో "హ" ఉంది, ఫ్రెంచివాళ్లు దాన్ని పలకరు. మన ముసలివాళ్లూ పలకరు.

చిన్నక్కనాన్న:
సాయంత్రం అంతా చదివి వినిపించాను. మా అమ్మాయి నోటుబుక్కులో "హెలికా" రాసి, నిలువు గీత గీసి, "ప్టర్" రాసింది. గీత కింద మరమేకు బొమ్మ, ఈక బొమ్మ వేసింది. హీలియం పక్కన సూర్యుడు, గుంటూరు. అడవిదారి గారూ, ఎర్రచందనం కాయ ఒకటి చూడాలంటోంది. వచ్చే నెల తిరుపతి వస్తున్నాం. అడవిలోకి వెళ్లకుండా ఎక్కడైనా చూడొచ్చా?

అడవిదారి:
తప్పకుండా. ఊళ్లో పార్కుల్లో, కాలేజీ ఆవరణల్లో నాటిన చెట్లున్నాయి. కింద రాలిన కాయ చూపించండి, చెట్టు మీది కొమ్మ విరవొద్దని చెప్పండి.

పైన నేను రాసిన దాంట్లో ఒకటి దిద్దాలి. ఎర్రచందనం కాయ గిరగిరా తిరుగుతుందని రాశాను. నిన్న రాసింది గుర్తుంచుకుని ఈ పొద్దున దాచిన కాయలు మేడ మీద నుంచి నాలుగైదుసార్లు వదిలి చూశాను. అది హెలికాప్టర్‌లా తిరగదు. పల్లెం విసిరినట్టు ఊగుతూ, బొర్లుతూ పక్కకి పోతుంది. గింజ నడిమధ్యలో ఉండి రెక్క చుట్టూ ఉంది కదా, అందుకని. బ్లేడులా తిరిగేది గుగ్గిలం కాయే. దానికి అయిదు రెక్కలు, మూడు పొడుగువి రెండు పొట్టివి. పాపకి రెండూ చూపించాలంటే గుగ్గిలం కాయలు శ్రీకాకుళం వైపు స్నేహితుణ్ణి అడిగి తెప్పిస్తాను. జూన్ దాకా ఆగాలి.